రేడియేటరులో పోసిన బావి నీళ్లు

మా ఇంట్లో ఒక ఇత్తడి మరచెంబు ఉంది. రెండు లీటర్ల నీళ్లు పడతాయి. మూత తిప్పి బిగిస్తే బోర్లించినా చుక్క కారదు. పూర్వం ప్రయాణాల్లో బయటి నీళ్లు ముట్టనివాళ్లు ఇలాంటివి వెంట పట్టుకెళ్లేవాళ్లు. ఇది మా మామగారిది. ఇప్పుడు మా ఆవిడ దాంట్లో మెంతులు పోసి పెట్టుకుంటుంది. నీళ్లు మాత్రం పోయదు. ఎందుకు పోయవని నేనెప్పుడూ అడగలేదు. అడిగే మొహం నాకు లేదు.

అల్లుడిగా నేనాయన్ని అడిగినవి చాలా ఉన్నాయి. అలకపాన్పు మీద మూతి ముడుచుకుని కూర్చుని చేతి గడియారం కూడా అడిగాను. ఆయన నన్ను అడిగింది జీవితం మొత్తంలో ఒక్కటే, అదీ పోయే ముందు. తన దొడ్లో బావి నీళ్లు, ఒక్క గుక్క. అవి నేను ఇవ్వలేకపోయాను. ఇవ్వలేకపోయాను అంటే చేతకాక అనుకుంటారేమో. చేతిదాకా వచ్చినవాటిని పారబోశాను.

ఎనభైల్లో నేను దర్శిలో సైన్సు మాస్టర్ని. సైకిలున్న పంతులే గొప్పనుకునే రోజుల్లో నాకు కారుండేది. పొగాకు వ్యాపారం చేసే ఒకాయన కొత్త కారు కొనుక్కుంటూ పాతదాన్ని వదిలించుకుంటే నేను తగిలించుకున్నాను. ఒకప్పుడు దాని రంగు తెలుపట. నా దగ్గరికొచ్చేసరికి విరిగిన పాల రంగు. వెనక ఎడమ తలుపు లోపలినుంచి తెరుచుకోదు. ఇంజను ఎంత వేడెక్కిందో చూపించే ముల్లు నేను కొన్ననాటినుంచీ ఒకేచోట నిద్రపోతుండేది. మా ఇంటినుంచి బడి రెండు ఫర్లాంగులు. ఆ రెండు ఫర్లాంగులూ నేను కార్లోనే వెళ్లేవాణ్ణి. పక్కన నడిచి వచ్చే తెలుగు మాస్టారు నాకంటే ముందే బడికి చేరేవాడు, ఎందుకంటే నాది స్టార్టవడానికి పది నిమిషాలు పట్టేది. అయినా దిగేటప్పుడు తలుపు కొంచెం గట్టిగానే వేసేవాణ్ణి, అందరికీ వినపడాలని.

మా వైపు నేలలో నీళ్లకు కరువు లేదు గానీ నోట్లో పోసుకునే నీళ్లకు కరువు. ఏ బావి తవ్వినా ఉప్పు. పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. మంచినీళ్లు దూరంనుంచి బండి మీద వచ్చేవి. వాటిని కారుకు పోస్తానంటే మా ఆవిడ ఊరుకుంటుందా? అందుకని కారుకు మా పెరటి బావి నీళ్లే. ఆ నీళ్లు కాచిన కాగు అడుగున తెల్లగా పెచ్చు కట్టేది. ఉప్పునీళ్లు మరిగితే గొట్టాల్లో పెచ్చు ఎలా కడుతుందో, గొట్టాలు ఎలా పూడుకుపోతాయో నల్లబల్ల మీద బొమ్మ గీసి మరీ పిల్లలకు చెప్పేవాణ్ణి. చెప్పి, ఇంటికొచ్చి, అదే నీళ్లు బక్కెట్టుతో తెచ్చి కార్లో పోసేవాణ్ణి. పాఠం పిల్లలకు, కారు నాకు.

ఆ ఏడు చలికాలంనుంచీ కారు కింద నేల తడిగా ఉంటోంది. ముందు చూసింది మా ఆవిడే.

"ఏమండీ, మీ కారు నిలబడ్డచోటే ఒకటికి పోసుకుంటోంది. ఎవరికైనా చూపించండి," అంది.

దర్శిలో నాకు తెలిసిన మెకానిక్కు బానెట్టు ఎత్తి, పడుకుని చూసి, లేచి చేతులు తుడుచుకున్నాడు. "రేడియేటరు అడుగున చిల్లి పడింది మాస్టారూ. దింపి గుంటూరు పంపించి మాటు వేయించాలి. లోపల గొట్టాలు కూడా కడిగిస్తే మంచిది. నాలుగు రోజులు పడుద్ది," అన్నాడు.

నాలుగు రోజులు. నాలుగు రోజులు నేను బడికి నడిచి వెళ్లాలి. ఇంత చిన్న సంగతి మీదే నా పాపమంతా నిలబడి ఉందని ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. కానీ నిజం అదే. తెలుగు మాస్టారు పక్కన నడవాల్సి వస్తుందని నేను ఆ చిల్లికి మాటు వేయించలేదు.

టీకొట్టు దగ్గర ఒక లారీ డ్రైవరు ఇంకో దారి చూపించాడు. "గుప్పెడు పసుపు పోయండి పంతులుగారూ. నీళ్లతోపాటు తిరిగి తిరిగి చిల్లి కాడికొచ్చి కూర్చుంటది. మేమందరం చేసేదదే," అన్నాడు. పసుపు కొమ్ములు దంచి పెట్టుకునే ఇళ్లు మావి. డబ్బాలో ఎప్పుడూ ఉంటుంది. ఆ సాయంత్రమే గుప్పెడు తెచ్చి రేడియేటరులో పోసి ఇంజను తిప్పాను.

మా ఆవిడ వంటింటి గుమ్మంలోనుంచి చూస్తూ, "తెగిన వేలికి పెడితే మానుతుంది. ఇనుముకు కూడా మానుతుందా?" అంది.

మానింది. అదే నా ఖర్మ. మర్నాటినుంచి కారు కింద నేల పొడిగా ఉంది. స్టాఫ్ రూంలో ఆ సంగతి ఎంతమందికి చెప్పానో. పదిహేను రోజులకు మళ్లీ తడి కనిపిస్తే మళ్లీ గుప్పెడు పోశాను. ఫాల్గుణం వచ్చేసరికి మా వంటింట్లో కంటే కార్లోనే ఎక్కువ పసుపు వాడాననిపిస్తుంది.

మా మామగారి సంగతి చెప్పాలి. దర్శికి నాలుగు మైళ్ల దూరంలో ఒక చిన్న ఊళ్లో ఆయన పౌరోహిత్యం చేసేవారు. పొలం లేదు, ఇల్లు మట్టిగోడల పెంకుటిల్లు. ఉన్నదల్లా దొడ్లో బావి. చుట్టుపక్కల అన్ని బావులూ ఉప్పైతే అదొక్కటే తీపి. ఎందుకలా అంటే సైన్సు మాస్టర్నైన నేను కూడా సరిగా చెప్పలేను. ఆయన దొడ్డి తలుపుకు గడియ లేదు. కావాలనే తీయించేశారు. మిరపకోతలకు పోయే కూలీలు, గొర్రెలు తోలుకుపోయేవాళ్లు, ఎవరైనా సరే ఆ తలుపు తోసుకుని వచ్చి నీళ్లు తాగి పోయేవాళ్లు. ఏటా చైత్రంలో బావిలోకి మనుషుల్ని దించి పూడిక తీయించేవారు. అడుగున కొత్త ఇసక పోయించేవారు. ఆ రోజు ఆయన ముఖం చూస్తే ఇంట్లో పెళ్లి జరుగుతోందనుకోవాలి. ఆయనకు చెప్పుకోవడానికి ఉన్న గొప్ప అదొక్కటే. "నా దొడ్లోకొచ్చినవాడు దాహంతో పోలేదు నాయనా," అనేవారు.

అత్తగారు పోయాక మా బావమరిది ఆయన్ని గుంటూరు తీసుకెళ్లాడు. రెండేళ్లు ఆయన కుళాయి నీళ్లు తాగారు. బ్లీచింగు వాసనని ఒకటి రెండుసార్లు అని, కొడుకు బాధపడుతున్నాడని మానేశారు. ఆ చైత్రంలో బావమరిది బస్సు కండక్టరు చేతికిచ్చి ఉత్తరం పంపాడు. నాన్న అన్నం మానేసి వారమైంది, డాక్టరు రెండు మూడు రోజులంటున్నాడు, వెంటనే రండి అని రాశాడు. కింద ఇంకో మాట. "మన బావి నీళ్లు ఒక్క గుక్క నోట్లో పడితే చాలంటున్నారు. అక్కయ్యకు చెప్పమన్నారు. అల్లుణ్ణి కూడా అడిగానని చెప్పమన్నారు."

అది శనివారం సాయంత్రం. మా ఆవిడ ఉత్తరం రెండుసార్లు చదివింది. ఏడవలేదు. అటక మీదినుంచి మరచెంబు దించి చింతపండుతో తోమడం మొదలుపెట్టింది.

"పొద్దున్నే మా ఊరెళ్లి నీళ్లు తోడుకుని, ఏడింటి బస్సెక్కుదామండీ. బస్సైతే నమ్మకం," అంది.

"బస్సులో ఆ జనంలో నీళ్లు తొణక్కుండా ఎలా పట్టుకెళతావ్? కారుండగా బస్సెందుకు?" అన్నాను నేను. మరచెంబుకు మూత ఉందని, అది తొణికేది కాదని నాకు తెలియక కాదు. గుంటూరులో బావమరిది ఇంటి ముందు కారు ఆగాలని నా కోరిక. చావు ఇంటికి పోతూ కూడా మనిషికి ఇలాంటి కోరికలుంటాయి. ఇంకెవరికైనా ఉంటాయో లేదో గానీ నాకున్నాయి.

ఆ రోజుల్లో ఆవిడ నాకెదురు చెప్పేది కాదు. ఇప్పుడు చెబుతుంది, నేను వింటాను.

ఆదివారం తెల్లారగానే వాళ్ల ఊరు వెళ్లాం. ఇంట్లో అద్దెకున్న రైతు కుటుంబం మమ్మల్ని చూసి తోడి పెడతామన్నారు. మా ఆవిడ వద్దంది. తలస్నానం చేసిన తడి జుట్టుతోనే చేద బావిలోకి వదిలింది. మొదటి చేద తులసికోటలో పోసింది, రెండోది తను తాగింది, మూడో చేద నీళ్లతో మరచెంబు నింపింది. మూత బిగించి, తడిగుడ్డ చుట్టి, కారు వెనక సీట్లో కూర్చుని ఒళ్లో పెట్టుకుంది. నేను ఇంటినుంచే రెండు డబ్బాల ఉప్పునీళ్లు డిక్కీలో వేసుకొచ్చాను, కారుకు. ఆ తీపి బావినుంచి ఒక డబ్బా తోడుకోవాలని నాకు తట్టనేలేదు. తట్టి ఉంటే ఈ కథ రాసే పని ఉండేది కాదు.

అద్దంకి చేరేలోపే ఇంజను వేడెక్కింది. ముందు వాసనొచ్చింది, పప్పులో పసుపు వేసి ఉడికిస్తే వచ్చే వాసన. తరవాత బానెట్టు సందులోంచి ఆవిరి. ఆపి, అరగంట చల్లారనిచ్చి, ఒక డబ్బా నీళ్లు పోశాను. అప్పటికింకా నాకు బుద్ధి ఉంది. అద్దంకిలో ఒక హోటలు ముందు ఆపి ఖాళీ డబ్బా నింపుకుని ఉంటే సరిపోయేది. బండి బాగానే నడుస్తోంది కదా, ఇప్పుడు ఆపితే మళ్లీ స్టార్టవుతుందో లేదో అని ఆపకుండా దాటించాను. పది మైళ్లు పోకుండానే రెండో డబ్బా కూడా అయిపోయింది. చిల్లి మళ్లీ తెరుచుకుంది. ఎంత పోస్తే అంత కారుతోంది.

మార్టూరు ఇంకా ఏడెనిమిది మైళ్లుందనగా ఇంజను పెద్దగా కొట్టుకోవడం మొదలుపెట్టి ఆగిపోయింది. పదకొండు దాటింది. రోడ్డుకు ఒక పక్క పీకేసిన పత్తి కట్టె కుప్పలు. రెండో పక్క కల్లంలో కనుచూపు మేర మిరపకాయలు ఎండుతున్నాయి. ఆ ఎండకు ఘాటు గాల్లోకి లేచి ముక్కులు మండుతున్నాయి. ఐదారుగురు ఆడవాళ్లు ముఖాలకు గుడ్డలు కట్టుకుని రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నారు. కల్లం యజమాని అనుకుంటాను, తలకు తువ్వాలు చుట్టుకున్న పెద్దాయన ఒకడు మా దగ్గరికి వచ్చాడు.

"ఏంది అయ్యగారూ, బండి పొగలు కక్కుతా ఉంది?" అన్నాడు.

నీళ్లు కావాలన్నాను. ప్రాణం మీదున్న మనిషిని చూడ్డానికి పోతున్నామని చెప్పాను.

"అట్టనా. మా కుండలో నీళ్లు ఐపోయినయ్. ఆ తుమ్మచెట్ల అవతల మా బావుంది. పోయి రెండు బిందెలు తెస్తా. అందాకా మూత మాత్రం తియ్యబాకండి. ఇంజను సల్లారాల. అరగంట కూర్చోండి నీడన," అని, ఒక ఆడమనిషిని వెంటబెట్టుకుని బిందెలతో వెళ్లాడు.

అరగంట. ఆ మనిషి చదువుకోలేదు. అయినా నాకు తెలిసినదంతా అతనికీ తెలుసు. ఎనిమిదో తరగతిలో ఏటా చెబుతాను నేను: కాలిన గాజుగ్లాసులో చన్నీళ్లు పోస్తే ఎందుకు పగులుతుంది? ఒక చోట వేడి, ఒక చోట చల్లన, ఒక పక్క సాగి, ఒక పక్క ముడుచుకుంటుంది, అందుకని. ఈ ప్రశ్నకు నాలుగు మార్కులు. ఏ వెనక బెంచీవాడైనా రాస్తాడు.

పది నిమిషాలు చెట్టు నీడన కూర్చున్నాను. గుంటూరు వైపు ఒక బస్సు మమ్మల్ని దాటి పోయింది. అది ఏడింటి బస్సు కాదని, ఏడింటిది ఈపాటికి గుంటూరు చేరిపోయి ఉంటుందని నాకు తెలుసు. కార్లోనే కూర్చున్న మా ఆవిడ బస్సు వైపు చూసి, నా వైపు చూడకుండా, ఒళ్లో చెంబు మీది గుడ్డ ఆరిపోతే సర్దుకుంది. ఏదైనా అని ఉంటే బాగుండేది. ఏమీ అనకపోయేసరికి నాకు ఒళ్లు మండిపోయింది. కోపం ఆవిడ మీద కాదు, ఎవరి మీదో కూడా తెలీదు. లేచి వెళ్లి, తువ్వాలు మడతపెట్టి రేడియేటరు మూత మీద వేసి తిప్పాను.

మరుగుతున్న పసుపునీళ్లు ఎగజిమ్మాయి. కుడిచెయ్యి మణికట్టుదాకా కాలింది. చొక్కా అంతా పసుపు. నేను కేక పెట్టానట, నాకు గుర్తు లేదు. గుర్తున్నదల్లా మా ఆవిడ తెరుచుకోని వెనక తలుపుతో ఒక్క క్షణం పెనుగులాడి, రెండో వైపునుంచి దిగి పరుగెత్తుకు రావడం. వస్తూనే మరచెంబు మూత తిప్పింది. ఆలోచించలేదు. నా చెయ్యి పట్టుకుని దాని మీద నీళ్లు పోసింది. చల్లగా, సగం చెంబు. వాళ్ల నాన్న నోట్లో పడాల్సిన నీళ్లు నా చేతి మీదుగా జారి మట్టిలో ఇంకిపోయాయి.

"తగ్గిందా?" అంది.

ఆ మాటకు నేను ఏడవాల్సింది. కాళ్లు పట్టుకోవాల్సింది. మిగిలిన సగం చెంబుకు మూత పెట్టి, చెట్టు కింద కూర్చుని, ఆ రైతు తెచ్చే నీళ్ల కోసం ఆగాల్సింది. నేనేం చేశానంటే, "ఎలాగూ మూత తీశావు కదా, ఇటివ్వు," అన్నాను.

"ఈ నీళ్లొద్దండీ. ఆయన తెస్తానన్నాడు కదా."

"మనిషి బతికుండగా చేరాలా వద్దా? నీళ్లెక్కడైనా దొరుకుతాయి. ఇవి పోస్తే మార్టూరుదాకా పోతుంది," అన్నాను. రెండు లీటర్లలో సగం నీళ్లకు ఆ ఇంజను మార్టూరు కాదు, మలుపు కూడా దాటదని నాకు తెలుసు.

చెంబు పట్టుకున్నాను. ఆవిడ కూడా పట్టుకునే ఉంది. ఒక్క క్షణం ఇద్దరం దాన్ని పట్టుకుని నిలబడ్డాం. తరవాత ఆవిడ చేతులు వదిలేసింది. లాక్కున్నానని చెబితే కొంత నయంగా ఉండేది. నేను లాక్కోలేదు. ఆవిడే వదిలేసింది.

పోశాను, చివరి చుక్కదాకా. చెంబు వంచి అడుగు తట్టి మరీ పోశాను.

ఇంజనులోంచి టప్పుమని ఒక చప్పుడు వచ్చింది. పెద్ద చప్పుడేం కాదు. ఆ చప్పుడేమిటో నాకు వెంటనే తెలిసింది. పోసిన నీళ్లు పోసినట్టే ఇంజను పక్కనుంచి సన్నగా కారడం మొదలైంది. కల్లంలో ఆడవాళ్లు ఏరడం ఆపి చూస్తున్నారు. నాలుగు మార్కుల ప్రశ్న.

అంతలో తుమ్మచెట్ల వైపునుంచి రైతు రెండు బిందెలతో వచ్చాడు. కారు కింద తడి చూసి, నా చొక్కా చూసి, చెంబు చూసి, బిందెలు నెమ్మదిగా దించాడు. తిట్టలేదు. "చెయ్యి కాలిందా అయ్యగారూ," అని ఒక బిందె నా వైపు తోశాడు. చెయ్యి ముంచాను. ఉప్పునీళ్లు. భగ్గుమని మండింది. మండనీ అనుకున్నాను.

ఆయనే రోడ్డు మీదికెళ్లి మిరపకాయల బస్తాలతో గుంటూరు పోయే లారీని ఆపి మమ్మల్ని ఎక్కించాడు. కారుకు తను కాపలా ఉంటానన్నాడు. లారీ డ్రైవరు పక్కన మా ఆవిడ, ఆవిడ పక్కన నేను. వెనకనుంచి ఘాటు వచ్చి తుమ్ముతూనే ఉన్నాం. ఆవిడ రెండు చేతులతో ఖాళీ చెంబును ఒళ్లో ఇందాకటిలాగే పట్టుకుని కూర్చుంది, తొణుకుతుందేమో అన్నట్టు. చిలకలూరిపేట దాటాక నేను నోరు తెరిచాను. తప్పైపోయిందని చెప్పడానికే తెరిచాను. బయటికి వచ్చిన మాట, "గుంటూరులో కృష్ణనీళ్లు బాగానే ఉంటాయి."

ఆవిడ తల తిప్పి నా వైపు ఒకసారి చూసింది. ఆ చూపు గురించి రాయలేను.

అప్పుడు ఉత్తరంలో మాట ఎవరైనా నాకు గుర్తు చేసి ఉంటే అనుకుంటాను. పోయే మనిషికి చెంబుడు నీళ్లు అక్కర్లేదు. ఒక్క ఉద్ధరిణె చాలు. పూజలో తీర్థం పోసే చెంచాడు. చెంబు అడుగున అంత మిగిల్చినా చాలు. నేను అడుగు తట్టి మరీ పోశాను కదా.

మూడింటికి బావమరిది ఉండే సందు మొదట దిగాం. సందు మొగలో వీధికుళాయి ఉంది. మా ఆవిడ అక్కడ ఆగింది. చెంబు కడిగింది. కుళాయి కింద పెట్టి నింపింది, మూత బిగించింది, పమిట చెంగుతో బయట తుడిచింది. నేను పక్కనే నిలబడి చూశాను. బ్లీచింగు వాసన నాకే తెలుస్తోంది.

మామగారు ముందుగదిలో చాప మీద ఉన్నారు. సగానికి సగం అయిపోయారు. కళ్లు మాత్రం బాగానే ఉన్నాయి. కూతుర్ని చూసి, చెంబు చూసి, లేవబోయారు. బావమరిది తల ఎత్తి పట్టుకున్నాడు.

"మన బావి నీళ్లు తెచ్చాను నాన్నగారూ," అంది మా ఆవిడ. పెళ్లైన పదిహేనేళ్లలో ఆవిడ అబద్ధం చెప్పగా నేను వినడం అదే మొదలు.

ఉద్ధరిణెతో పోసింది. ఆయన కళ్లు మూసుకున్నారు. వెంటనే మింగలేదు. నోట్లోనే ఉంచుకున్నారు. అరవై ఏళ్లు ఒకే బావి నీళ్లు తాగిన మనిషి. తరవాత మింగారు. కళ్లు తెరిచి కూతురి ముఖంలోకి చాలాసేపు చూశారు.

"బావి పాడైపోయిందా అమ్మాయ్?" అన్నారు.

నేను గుమ్మంలో పసుపు చొక్కాతో నిలబడి ఉన్నాను. ఆవిడ నా వైపు తిరగలేదు. తిరిగి ఉంటే నేనే చెప్పేసి ఉండేవాణ్ణి. ఆ మాట నాకు నేనే చాలాసార్లు చెప్పుకున్నాను. నిజమో కాదో నాకు తెలీదు. నోరు నాకూ ఉంది, తిరక్కపోయినా చెప్పొచ్చు.

"అవును నాన్నగారూ. వానల్లేవు కదా. నీళ్లు మారిపోయాయి," అంది.

మొగుడు పారబోశాడని కన్నతండ్రికి చెప్పలేక, ఆయన బావే చచ్చిపోయిందని చెప్పింది. ఆయన ముఖం నేను చూశాను. నొప్పి కాదు. ఎవరో దగ్గరివాళ్లు పోయిన కబురు విన్న ముఖం. పెదాలు కదిలాయి. బావమరిది వంగి విని మాకు చెప్పాడు. "పూడిక తీయించమంటున్నారు. రెండేళ్లనుంచి తను లేకపోబట్టే పాడైందట. తనదే తప్పంటున్నారు."

తనదే తప్పట. బయటికి వచ్చి, వెనకే వచ్చిన మా ఆవిడతో, "ఇప్పుడే బస్సెక్కుతాను. తెల్లారేసరికి నీళ్లు తెస్తాను," అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపి లోపలికి వెళ్లిపోయింది. అంత టైము లేదని ఆవిడకు తెలుసు. దీపాలు పెట్టకముందే ఆయన వెళ్లిపోయారు.

కారు సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. దర్శి మెకానిక్కు వెళ్లి దాన్ని కట్టి లాక్కొచ్చి విప్పాడు. ఇంజను దిమ్మ పొడుగునా చీలింది. రేడియేటరు గొట్టాల్లో గట్టిపడిన ముద్ద తీసి కాగితం మీద పెట్టి నాకు చూపించాడు. ఉప్పునీళ్ల సున్నంలో పసుపు కలిసి ఎర్రగా, కాళ్లకు పెట్టుకునే పారాణిలా ఉంది. చిల్లి పూడ్చమని పోసిన పసుపు చిల్లిని వదిలేసి దారులన్నీ పూడ్చింది. కారును అక్కడే వదిలేసి ఇంటికి నడిచి వచ్చాను. ఆ తరవాత రిటైరయ్యేదాకా బడికి నడిచే వెళ్లాను. తెలుగు మాస్టారు మంచి మనిషి, దారిలో ఏమీ అడిగేవాడు కాదు.

మామగారి పదోరోజుకు ముందురోజు ఆయన ఊరు వెళ్లాను. దొడ్డి తలుపు తోసుకుని వెళ్లి బావిలోకి చూశాను. నీళ్లు అద్దంలా ఉన్నాయి. చేద వేసి తోడి దోసిలితో తాగాను. ఎప్పటిలాగే తీపి. నేను ఏడుస్తుంటే అద్దెకున్న రైతు భార్య చూసి లోపలికి వెళ్లిపోయింది. గుంటూరునుంచి వెంట తెచ్చుకున్న మరచెంబు నింపి, మూత బిగించి, మర్నాడు పొద్దున ఏడింటి బస్సెక్కాను. బస్సులో నిలబడడానికి చోటు లేదు. మిరపకాయల మూటలు, కోళ్లు, జనం. గుంటూరుదాకా నిలబడి చెంబు గుండెకు ఆనించుకుని పట్టుకున్నాను. ఒక్క చుక్క తొణకలేదు.

కాలవ ఒడ్డున పదోరోజు కర్మ జరిగింది. బంధువులంతా ఒకరి తరవాత ఒకరు దోసిట్లో నువ్వులూ నీళ్లూ పట్టుకుని ధర్మోదకాలు వదులుతున్నారు. నా వంతు వచ్చింది. కాలవ నీళ్లు వద్దని చెంబు మూత తిప్పాను. కాలిన చేతికి గుడ్డ కట్టి ఉండడంతో దోసిలి సరిగా కుదరలేదు. మా ఆవిడ ముందుకు వచ్చి చెంబు అందుకుంది. నా చేతుల్లోకి తనే వంచింది, ఆ రోజు రోడ్డు మీద వంచినట్టే, నెమ్మదిగా.

పది రోజుల్లో నాతో మాట్లాడడం అదే మొదలు.

"బావి బాగానే ఉందని ఆయనకు చెప్పండి," అంది.